గొడుగు బోర్డు

నీటిబస్సులో నలభై మంది ఉన్నారు. ఒక్కరికి తప్ప అందరి ఒళ్ళోనూ కథలు వెలిగే పలకలున్నాయి. కిటికీ పక్కన కూర్చున్న లావుపాటి మనిషి ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. కాసేపటికి వెనక సీట్లో ఎవరో ముక్కు చీదుకున్నారు. ఎందుకు నవ్వావని గానీ, ఎందుకు ఏడ్చావని గానీ ఎవరూ ఎవరినీ అడగలేదు. అడిగి లాభం లేదు. పలకల్లోని కథానేత అనే యంత్రం ఒక్కొక్కరికి ఒక్కొక్క కథ నేస్తుంది. ఒకరికి నేసినది మరొకరికి నెయ్యదు.

వంశీధర్ పలక తెచ్చుకోలేదు. గుడ్డసంచీలో ఒక పాత కాగితపు పుస్తకం, ఒక అర్జీ ఉన్నాయి. నల్ల గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, కాలవలుగా మారిన బందరు వీధుల్ని చూస్తూ కూర్చున్నాడు. అర్జీ ఇవ్వడానికి ఇవాళే ఆఖరి రోజు.

ముప్పై నాలుగేళ్ళు ఆయన బడిలో తెలుగు చెప్పాడు. మొదట్లో ఏదైనా కథ పేరెత్తితే తరగతి అంతా ఒక్కసారి గోల చేసేది. కథానేత వచ్చాక ఒకే కథ ఒక్కో పిల్లకి ఒక్కోలా ముగిసేది. చదివేవాళ్ళ వయసు, ఊరు, ఆ పూట మనసు ఎలా ఉందో చూసుకుని, అది మనుషుల ముఖాలు మారుస్తుంది, మాటలు మారుస్తుంది, అవసరమైతే చచ్చినవాణ్ణి బతికిస్తుంది. తరగతిలో కథ గురించి మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆయన అడగడం మానేశాడు.

కథానేతకి దారం కావాలి. పాత కథలే దానికి దారం. మూతపడ్డ ప్రచురణ సంస్థల పుస్తకాలన్నీ ఒకటొకటిగా దానిలోకి వెళ్ళాయి. అలాగే వెళ్ళాయి తూనీగ చిత్రకథలు కూడా.

తూనీగ అంటే బందరులో ఒక మేడమీద గది, ముగ్గురు మనుషులు. లాజరస్ కథ రాసేవాడు. ఖాదర్ వలీ బొమ్మలు గీసేవాడు. అక్షరాలు హిమబిందువి. హిమబిందు వంశీధర్ భార్య. అప్పటికే అందరూ యంత్రాలతో అక్షరాలు వేయిస్తున్నా, ఆ ముగ్గురూ చేత్తోనే చేస్తామని పట్టుబట్టారు. ‘పంటు నడిపే పాపాయమ్మ’, ‘ఉప్పుమడుల దొంగ’, ‘మూడో లైటు’ అని మూడు వరసలు. అన్నీ కలిపి నలభై ఒక్క సంచికలు. లాజరస్ పోయాక మేడమీద గదికి తాళం పడింది.

ఆ పుస్తకాలకి అచ్చుతప్పులు దిద్దే పని వంశీధర్‌ది. హిమబిందు పొద్దున్నే ప్రెస్సుకి వెళ్తూ, రాసిన పేజీలు భోజనాల బల్ల మీద పెట్టేది. ఆయన కాఫీ తాగుతూ దిద్ది, బడికి వెళ్తూ ప్రెస్సులో ఇచ్చేవాడు. పదిహేడో సంచికలో, పంటు మీద జనాన్ని రేవు దాటించే పాపాయమ్మ తెడ్డు పట్టుకుని సంతలో దొంగని తరుముతుంది. ఆమె వెనకాల ఒక కొట్టు, దాని మీద ఒక బోర్డు. మనుషుల మాటలన్నీ ఆయన రెండేసి సార్లు చదివాడు. బోర్డు చూడలేదు. కొట్టు పేరు ఏదో ఉంటుందిలే అనుకున్నాడు. సాయంత్రం నిలువునా తడిసి ఇంటికి వచ్చాడు. మూడు రోజులు జ్వరం.

పుస్తకం అచ్చయి వచ్చాక చూశాడు. బోర్డు మీద ఇలా ఉంది: ‘ఇవాళ వాన. గొడుగు మర్చిపోకండి.’

“ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ దిద్దారు. నా మాట ఒక్కటీ మీ కంట పడలేదు,” అని ఆమె కడుపు పట్టుకుని నవ్వింది.

అప్పట్నుంచి ప్రతి సంచికలోనూ ఆయన కోసం ఒక బోర్డు రాసేది. ‘వంకాయలు లేతవి చూసి తెండి.’ ‘మాత్ర వేసుకున్నారా?’ ఒకసారి, ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోనప్పుడు, ‘కోపం పోయిందా?’ జవాబులు ఆయన అంచున పెన్సిల్‌తో రాసేవాడు. అచ్చుకి ముందు ప్రెస్సులో వాటిని చెరిపేసేవారు. ప్రశ్నలే మిగిలాయి.

హిమబిందు పోయి ఎనిమిది నెలలైంది. నెల కిందట ఇదే నీటిబస్సులో, ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు ఒకరి పలక ఒకరికి చూపించుకున్నారు. అలా చూపించుకోవడం ఆయన ఏళ్ళ తరబడి ఎరగడు. “నీకూ వచ్చిందే? వంకాయలు!” అంది ఒకతె. రెండోది నవ్వింది. ఆరేసిన హిమబిందు చీర ఎవరో కట్టుకుని వీధిలో తిరుగుతున్నట్టనిపించింది ఆయనకి. ఆ బోర్డులు తీసెయ్యమని మర్నాడే అర్జీ రాశాడు.

స్మృతిహక్కుల కార్యాలయంలో పాతికమంది దాకా వంతు కోసం కూర్చుని పలకల్లోకి చూస్తున్నారు. బల్ల వెనక ఉన్న అధికారిణి పేరు కౌసర్, ముప్పై అయిదేళ్ళుంటాయి. అర్జీ చదివింది.

“సొంత విషయాలు తీసెయ్యమంటున్నారు. రుజువు ఏమన్నా తెచ్చారా మాస్టారూ?”

ఆయన పదిహేడో సంచిక తీసి, ఆ పేజీ తెరిచి, బోర్డు మీద వేలు పెట్టాడు.

కౌసర్ బోర్డు మీదికి వంగి చదివింది. తర్వాత పక్క సీటు వైపు తిరిగింది. “జోసెఫ్ గారూ, ఓసారి ఇటు రండి. తొందరగా.”

రిటైరవడానికి దగ్గరపడ్డ జోసెఫ్ కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి వంగి చూశాడు. “ఓర్నాయనో! గొడుగు బోర్డు! కాగితం మీదే ఉంది!”

“చెయ్యి తగిలించకండి, చిరిగిపోద్ది.”

“నేను తాకితే చిరుగుద్దా? మీరు ఊదినా చిరుగుద్ది,” అన్నాడు జోసెఫ్. “ఇది ఎవరు రాశారండీ?”

“మా ఆవిడ,” అన్నాడు వంశీధర్. “నాకు రాసింది.”

కౌసర్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. “ఇది ఎట్టా జరిగిందో మీకు చెప్పాలి. కథానేత మనుషుల మాటలు మారుస్తది గానీ, వెనకాల గోడలూ, కరెంటు స్తంభాలూ, మరకలూ ముట్టుకోదు. మీ ఆవిడగారి బోర్డులు కూడా మరకల్లో లెక్కేసింది. ఉన్నది ఉన్నట్టు అందరికీ వేసేసింది. లోకంలో అందరికీ ఒకేలా వచ్చే మాటలు ఇప్పుడు ఇవే.”

“అదే నాకు కష్టంగా ఉందమ్మా.”

“తెలుస్తానే ఉంది.” ఆమె గొంతు తగ్గించింది. “మా ఆయనా నేనూ ఒకే మంచం మీద కూర్చుని చదువుకుంటాం. ఆయన కథ ఆయనది, నా కథ నాది. ఒకరోజు ఆయన ‘మాత్ర వేసుకున్నారా?’ అని పైకి చదివాడు. నాకూ వచ్చిందన్నాను. రెండేళ్ళ తర్వాత మేమిద్దరం ఒక కథ గురించి మాట్లాడుకున్నది ఆ రోజే.”

జోసెఫ్ తల గోక్కున్నాడు. “మా ఇంట్లో కోపం బోర్డండీ. మా అమ్మాయి, నేను తగువు పడితే పలక తెచ్చి నా ముందు పెట్టి పోద్ది. నోటితో అడగదు. మొండిది. ఇంతకీ మాస్టారూ, ఆ కోపం పోయిందా?”

వంశీధర్ పుస్తకం వైపు చూశాడు. “ఆ పూటే పోయింది. పోయిందని రాశాను కూడా. అది అచ్చులో రాలేదు.”

కౌసర్ వేలిముద్ర వేసే పలక ఆయన ముందుకి జరిపింది. “హక్కు మీది. ఇక్కడ బొటనవేలు పెడితే సాయంత్రానికి బోర్డులన్నీ పోతాయి. మేమేమీ అనుకోం.”

ఆయన బొటనవేలు ఎత్తాడు. తన పెన్సిల్ జవాబులు చెరిపేసే పని ప్రెస్సులో ఎవరు చేసేవారో గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు. అర్జీని నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దూర్చాడు. పుస్తకం సంచీలో పెట్టుకున్నాడు.

“ఉండనివ్వమ్మా,” అన్నాడు.

బయట చినుకులు మొదలయ్యాయి. ఆయన తలుపు దాకా నడిచాడు.

“మాస్టారూ!” వెనకనుంచి జోసెఫ్ కేక పెట్టాడు. “గొడుగు మర్చిపోకండి!”

కుర్చీల్లో కూర్చున్న పాతికమందీ పలకల్లోంచి తలలెత్తారు. ఆయన లేచిన కుర్చీకి ఆనించి ఉన్న నల్ల గొడుగు చూశారు, తలుపు దగ్గర ఉత్త చేతులతో నిలబడ్డ ముసలాయన్ని చూశారు. ఒక్కసారిగా అందరూ నవ్వారు. ఒకే మాటకి అంతమంది కలిసి నవ్వడం విని ఆయనకి ఎన్నేళ్ళయిందో.

ఆయన తిరిగి వెళ్ళి గొడుగు తీసుకున్నాడు. ఎవరో పక్కకి జరిగి దారిచ్చారు.

ఆ రోజు వాన గట్టిగానే కురిసింది. వంశీధర్ గొడుగు వేసుకుని రేవు దాకా నడిచి, బస్సెక్కి, దిగి, ఇంటికి వచ్చాడు. గొడుగు వసారాలో విప్పి ఆరబెట్టాడు. చొక్కా భుజాలు తడిమి చూసుకున్నాడు. ఎక్కడా తడవలేదు.

ఆ సంగతి చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.