కళ్ళు తెరవని బొమ్మ

మల్లీశ్వరి కుర్చీలో కూర్చోలేదు. నరసరావుపేటలో డిటెక్టివ్ అంకమ్మరావు గది గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మా ఆయన్ని ఉరి తీస్తారంటన్నారన్నా. నాగులు కోడిని కొయ్యాలన్నా పక్కింటోళ్ళని పిలుస్తాడు."

దుర్గిలో శిల్పాల మేస్త్రి పెదకోటయ్య తన షెడ్డులోనే వెల్లకిలా చచ్చిపడి ఉన్నాడు. తల వెనక సుత్తి దెబ్బ. శవాన్ని మొదట చూసింది అతని దగ్గర పనిచేసే నాగులు, మల్లీశ్వరి మొగుడు. అంతకుముందురోజే అమ్మవారి బొమ్మ ముక్కు చెదరగొట్టాడని మేస్త్రి నాగుల్ని నలుగురిలో నానా మాటలూ అన్నాడు. ఎస్సైకి ఇంకేం కావాలి? ఉట్టిమీద కూడు దొరికినట్టయింది.

"ఆ రాత్రి నాగులెక్కడున్నాడు?"

"బొమ్మలు గూడ్సుకెత్తడానికి పొద్దుండగానే నడికుడి టేసనుకు పోయాడు. తెల్లారగట్ట బస్సు దిగి నేరుగా షెడ్డుకే పోయాడు."

అదే కొంప ముంచింది. మేస్త్రి రాత్రి ఇంటికొచ్చి, తిని, పడుకుని, తెల్లవారుజామున పనికెళ్ళాడని అతని భార్య సుబ్బులమ్మ వాంగ్మూలం ఇచ్చింది.

దుర్గికి పోతూ అంకమ్మరావూ, అసిస్టెంటు అహ్మదూ మాచర్ల ఆసుపత్రిలో ఆగారు. పోస్టుమార్టం చేసిన డాక్టరు, శవానికి యాంటీరియర్ వైపంతా ఊదారంగు మచ్చలున్నాయని చెప్పాడు. కొట్లాటలో కమిలిన దెబ్బలని ఎస్సై రాసుకున్నాడట. అహ్మద్‌కు ఆ ఇంగ్లీషు మాట కొరుకుడు పడలేదు.

"శవం వెల్లకిలా ఉంది కాబట్టి, పైకున్న వైపనా సార్?"

"పైకీ కిందికీ సంబంధం లేదయ్యా," అన్నాడు డాక్టరు. "మొహం, రొమ్ము, పొట్ట ఉన్న వైపు యాంటీరియర్. మనిషి నిలబడ్డా, బోర్లాపడ్డా అది మారదు. అయినా అవి దెబ్బలు కావు. చచ్చాక నెత్తురు నేలవైపుకి దిగి నిలిచిన మచ్చలు. అలా నిలవాలంటే చానా సేపు పడుతుంది."

అంకమ్మరావు జేబులోంచి కాగితం తీసి ఆ మాట రాసుకున్నాడు. సార్ అలా రాసుకున్నాడంటే ముడి వీడినట్టేనని అహ్మద్‌కు అనుభవమే.

దుర్గి చేరేసరికి పొద్దుగూకింది. షెడ్డులో ఇసుక మీద విగ్రహాలన్నీ బోర్లా పడుకున్నాయి. సుబ్బులమ్మ గోడకానుకుని కూర్చుంది.

"ఇవన్నీ బోర్లా ఎందుకున్నాయమ్మా?"

"ఇంకా కళ్ళు చెక్కి తెరవనియ్యి బాబూ. పొద్దుగూకితే బోర్లా పెట్టాలి, తెల్లారి తిప్పాలి. కళ్ళు తెరిచినదాన్ని మాత్రం బోర్లా పెట్టకూడదు."

మూలనున్న చిన్న బొమ్మను అంకమ్మరావు చూపించాడు. ఆమె లేచి కొంగుతో దాని మీది దుమ్ము తుడిచింది.

"మా పాప. మొన్న ఎండల్లో జ్వరమొచ్చి పోయింది."

అహ్మద్‌కు ఇంట్లో ఉన్న తన కూతురు గుర్తొచ్చింది. తల తిప్పుకున్నాడు.

మర్నాడు అందరూ అక్కడే చేరారు. సంకెళ్ళతో నాగులు, పక్కన మల్లీశ్వరి, చేతులు కట్టుకుని ఎస్సై.

"మేస్త్రి వెల్లకిలా దొరికాడు," అన్నాడు అంకమ్మరావు. "నెత్తురు వీపువైపుకి దిగాలి. కానీ రొమ్మువైపు నిలిచింది. అంటే చచ్చాక రాత్రంతా బోర్లా ఉన్నాడు. తెల్లవారుజామున, నాగులు వచ్చేలోగా, ఎవరో తిప్పారు. అతను చచ్చింది తెల్లవారుజామున కాదు, ముందురోజు సాయంత్రం. అప్పటికి నాగులు నడికుడిలో బొమ్మలెత్తుతున్నాడు. టేసను కూలీలే సాక్షులు."

ఎస్సై మొహం మాడిపోయింది. "మరి రాత్రి ఇంటికొచ్చి తిన్నదెవరు?"

"ఎవరూ రాలేదు," అన్నాడు అంకమ్మరావు. "శవాన్ని తిప్పినవాళ్ళకు భయం లేదు. రాత్రంతా రాతిదుమ్ములో ఉన్న మొహం శుభ్రంగా దొరికింది, తుడిచారు కూడా. ఎందుకు తిప్పావమ్మా?"

సుబ్బులమ్మ చిన్న బొమ్మ వైపు చూసింది.

"కళ్ళు తెరిచిన మనిషి గదా బాబూ. బోర్లా ఎట్టా వదిలేది?"

మల్లీశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సుబ్బులమ్మ చెప్పుకుపోయింది. "పాపకు జ్వరమొస్తే, ఈ ఆర్డరు బొమ్మ కానీ, ఆసుపత్రికి పోదామన్నాడు. బొమ్మ అయింది, పాప పోయింది. ఏడ్చి, ఏడ్చి, ఆయనే దాని బొమ్మ చెక్కాడు. ఆ సాయంత్రం, కళ్ళన్నా తెరవయ్యా, నన్ను చూస్తదని కాళ్ళు పట్టుకున్నా. ఆర్డరు పని కానీ, అన్నాడు. మళ్ళా అదే మాట. పాప బొమ్మని బోర్లా తిప్పి, దాని మీద వంగున్నాడు. సుత్తి నా పక్కనే ఉంది."

"నాగులు చస్తాడని తెలిసీ నోరు మెదపలేదే?" అన్నాడు ఎస్సై.

"తప్పే. నేను పోతే దాన్ని తెల్లారి తిప్పేదెవరని ఊరుకున్నా." ఆమె లేచి నాగులు ముందు నిలబడింది. "నా మొహం చూడబాకు తమ్ముడూ. పాపకు కళ్ళు మాత్రం తెరువు."

ఎస్సై సంకెళ్ళు తీయించాడు. నాగులు ఆమెను చూడలేదు. చిన్న బొమ్మను రెండు చేతులా పట్టి మెల్లగా వెల్లకిలా తిప్పాడు. సన్న ఉలి కోసం వెతుక్కున్నాడు.

బయట జీపు స్టార్టయింది. సుబ్బులమ్మ కదల్లేదు. ఆమె చెయ్యి పట్టుకోబోయిన కానిస్టేబుల్‌ను, బొమ్మ కళ్ళు తెరిచేదాకా ఆగమన్నాడు ఎస్సై.