షట్టర్ వెనక మెటడోర్

సూరత్‌ల, బమ్రోలిల మా గల్లీ చివర్న ఒక ఇల్లుంది. కింద షట్టర్, మీద రెండు అర్రలు. చీకటి పడ్డంక ఆ షట్టర్ ముందర ఎవ్వలూ నిలవడకపోయేది. చాయ్ బండోడు గూడ తన బండిని అవతలికి జరుపుకున్నడు.

అక్కడ నిలవడితే నిద్రొస్తదనేటోళ్లు. రెప్పలు బరువైతయట. మోకాళ్లు గుంజుతయట. జరంత సేపని షట్టర్‌కు వీపానించి కూసుంటే... ఇగ లేవబుద్ధి కాదట. లేచినోళ్లు గూడ ఎంత పండుకున్నా అలుపు తీరక, మబ్బుమబ్బుగ తిరిగేది.

షట్టర్ లోపట ఒక మెటడోర్ ఉండె. పాతకాలపు వ్యాను. జోల్వా మిల్లులల్ల బట్ట నేసే సాంచాలు నడిపేటోళ్లను పొద్దుగాల తీస్కపోయి, రాత్రికి బమ్రోలిల దింపేది. సాంచా మీద పన్నెండు గంటలు నిలవడ్డ మనిషి బండెక్కితె ఏం జేస్తడు? పక్కోని భుజం మీద తల వెట్టి పండుకుంటడు. ఆ బండిల అందరు గట్లనే వచ్చేది.

ఒక వానకాలం ఖాడీ వాగు పొంగింది. తొవ్వ మీదికి నీళ్లొచ్చినయి. మెటడోర్ జారి నీళ్లల్ల పడ్డది. నడిపేటాయన ఛగన్‌భాయ్ — ఆ ఇంటాయనే — ఎట్లనో ఈదుకుంట బయటపడ్డడు. ఎనక కూసున్నోళ్లు మాత్రం నిద్రల ఉండిరి...

నిద్రలనే పోయిండ్రు.

బండిని గుంజుకొచ్చి, షట్టర్ లోపట వెట్టి తాళమేసిండు ఛగన్‌భాయ్. మల్ల తెరవలేదు.

ఇదంత ఎర్కుండి గూడ ఆ ఇంట్లకు కిరాయికొచ్చిండు లక్ష్మీరాజం.

ఆయనది సిరిసిల్ల దిక్కు. చిన్నప్పటి సంది సాంచాల మీద నిలవడి నిలవడి కాళ్ల నరాలు తాళ్ల లెక్క ఉబ్బినయి. ఇంకో ఏడాది గిట్లనే నిలవడితె మంచంల పడతవని డాక్టర్ చెప్పిండు. సాంచా ఇడిసిపెడితె ఏం దిని బతకాలె? భార్య పద్మారాణి ఇంట్ల కూసుండి చీరలకు రాళ్లంటిస్తది. దానితోని ఇల్లు గడవది.

గప్పుడు షట్టర్ లోపలి బండి గురించి అడిగిండు ఛగన్‌భాయ్‌ని. ముసలాయన తాళంచెయ్యి తీసి చేతుల పెట్టిండట.

"లే లో, భాయ్," అన్నడట. "గాడీ తుమ్హారీ. ముఝే మత్ దిఖానా." బండి నీదే గని, నాకు మాత్రం సూపెట్టకని.

బండి బాగైతె కూసొని బతకొచ్చు. అంతే ఆయన ఆశ. డ్యూటీ దిగి వచ్చి, ఇంత అన్నం తిని, షట్టర్ ఎత్తి పనికి కూసునేది. తుప్పుకు బోల్టులు కరుసుకపోయి ఉండె. వాటికి డీజిల్ పోసి నానవెట్టేది. రేకుల మీద తుప్పును తీగల బ్రష్‌తోని గీకి, గరుకు కాయితంతోని రుద్దేది. పైన గీకుతుంటె కింద రాలేది. కొన్నిచోట్ల గీకినకొద్ది రేకే మాయమై, బొక్క మిగిలేది. నేల రేకైతె మొత్తం పోయింది.

దానికి వెల్డింగ్ జెయ్యనీకె ఒక యూపీ ఆయనను పిలుసుకొచ్చిండు. ఆయన లోపటికెక్కి, నెత్తి మీది అద్దం కిందికి దింపి, మంట ముట్టిచ్చి... గంతలనే ఆపిండు. సప్పుడు గాకుంట కిందికి దిగిండు.

"ఏమైంది, భాయ్?"

"అందర్ లోగ్ సో రహే హై," అని గుసగుసగ అన్నడు. "జగానా మత్."

లోపట మంది పండుకొని ఉన్నరు, లేపకు... అని. పనిముట్లు గూడ ఆడనే ఇడిసిపెట్టి పోయిండు.

లక్ష్మీరాజం లోపటికి తొంగి జూసిండు. తీసేసిన సీట్ల ఇనుప చట్రాలు, దుమ్ము. అంతే. మిగిలిన వెల్డింగ్ ఎవల్నో బతిమాలి పగటిపూట జేపిచ్చుకున్నడు. ఇంజన్ మాత్రం తనే ఇప్పి, తనే బిగిచ్చిండు.

ఒకనాడు లైటు పట్టుకునుడానికి పద్మారాణి గూడ దిగొచ్చింది. ఎనక చట్రం మీద కూసుంది. ఇంజన్ల తలవెట్టినాయన జరసేపైనంక తిరిగి చూస్తె — లైటు ఒళ్లె ఉంది, ఆమె నిద్రవోతుంది. తల ఒకదిక్కు వాలి... గోడ లేని దిక్కు. దేనికో ఆనినట్టు.

"పద్మా!"

దిగ్గున కండ్లు తెరిచింది. కుడి భుజం మెల్లగ రుద్దుకుంది.

"ఏందే, గట్ల పండుకున్నవ్?"

"భుజం లాగుతుందయ్యా... ఎవలో తల వెట్టుకొని పండుకున్నట్టుండె."

"కల వడ్డదేమో."

"కావొచ్చు." ఆమె లేవలేదు. చట్రం మీద చేత్తోని ఒకపారి తడిమింది. "ఎవలో గని... పాపం, బాగ అలిసిపోయి ఉన్నరు."

లక్ష్మీరాజం మల్ల పాన అందుకున్నడు. తనకు గూడ ఎన్నడో వినవడ్డది — పాన పెట్టి బోల్టు తిప్పుతుంటె, ఎనక మెల్లగ ఊపిరి తీస్తున్న సప్పుడు. ఒక్కరిది కాదు. భయమైంది. కని భయపడనీకె గూడ ఓపిక ఉండాలె గదా. తిప్పుతున్న బోల్టు తిప్పుకుంట ఉన్నడు.

ఆఖరికి ఎర్రరంగు పూత వేసి, కొత్త బ్యాటరీ పెట్టినంక ఇంజన్ దగ్గింది. ఇంకోపారి దగ్గి... అందుకుంది. షట్టరంత పొగ.

పగటిపూట గల్లీ నిండ చీరల మూటల టెంపోలుంటయి. బ్రేకులు ఎట్లున్నయో తెల్వది. అందుకని రాత్రి డ్యూటీ జనం పోయి, గల్లీ సల్లవడ్డంక బండి తీసిండు. ఒక్కన్నే పోనియ్యనని పద్మారాణి ముందు సీట్ల ఎక్కింది.

గేరేసిండు. బండి కదల్లే. యాక్సిలేటర్ తొక్కిండు... మూలుక్కుంట, మెల్లగ బయటికొచ్చింది.

"గింత బరువేందే?" అన్నడు. "ఖాళీ బండికి?"

పద్మారాణి దిగి, టార్చి ఏసి చూసింది. లోపట ఎవ్వలు లేరు. కింద వంగి చూసింది. ఎనక టైర్లు రెండు నేలకు అణిగి ఉన్నయి. స్ప్రింగు పట్టీలు వంగి ఉన్నయి. వచ్చి సీట్ల కూసుంది.

"పోనియ్యి," అన్నది.

గల్లీ దాటిండ్రు. మెయిన్ రోడ్డు మీద కుక్కలు అరుస్తున్నయి. బండి దగ్గరికొచ్చెవరకు అవి గూడ గోడల పొంటి పండుకున్నయి.

గప్పుడు —

టప్. టప్.

వాళ్ల ఎనక రేకు మీద రెండు దెబ్బలు.

లక్ష్మీరాజం చేతులు స్టీరింగ్ మీద బిగుసుకపోయినయి. ఆ సప్పుడు ఆయనకు ఎర్కే. దిగాల్సిన జాగ వస్తె లేబరోళ్లు డ్రైవర్‌కు గట్లనే చెప్తరు. ఆయన గూడ ఎన్నిమాట్ల కొట్టిండో రేకు మీద.

కాలు తనంతల తనే బ్రేకు మీద పడ్డది. బండాగింది.

ఎనక పట్టీ కిర్రుమన్నది. బండి... జరంత పైకి లేసింది. ఒక మనిషి దిగితె ఎంత లేస్తదో అంత.

అద్దంల చూసిండు. రోడ్డు ఖాళీ.

"పద్మా..." తలుపు మీద చెయ్యేసిండు. "దిగు. ఉరుకుదాం."

 ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది.

"మనం ఉరికితె వాళ్లెట్ల పోవాలె?"

"ఎవలు?"

"ఎవలేంది..." ఎనకకు తిరిగి చూడకుండనే అన్నది. "ఇంటి పక్కకచ్చి, షట్టర్ లోపట ఇన్నేండ్లు పండుకున్నరు. ఎవలన్న దింపిండ్రా వాళ్లను? పొద్దంత నిలవడి వచ్చినోళ్లయ్యా. నువ్వు సుత డ్యూటీ దిగి వస్తవు గద."

లక్ష్మీరాజం కాళ్లు సలుపుతున్నయి. ఆ సలుపు ఎట్లుంటదో ఆయనకు ఒకరు చెప్పాల్నా? చెమట తుడుసుకున్నడు. గేరేసిండు.

ఒడియా వాళ్ల మెస్ కాడ రేకు మోగింది. ఆగిండు. ఒక్కరు కాదు, వరుసగ మంది దిగినట్టు పట్టీ కిర్రుకిర్రుమని ఊగింది. మెస్ అరుగు మీద పండుకున్నాయన ఒకడు నిద్రలనే పక్కకు జరిగి, ఎవలికో జాగ ఇచ్చిండు. నీళ్ల టాంకీ కాడ ఒకపారి, రేషన్ దుకాణం సందు కాడ ఒకపారి. టప్ టప్... కిర్రు. టప్ టప్... కిర్రు. ఒక్కొక్క జాగకు బండి తేలికైతుంది. స్టీరింగ్ గూడ చేతికి అల్కగ తిరుగుతుంది.

ఒక్కకాడ మాత్రం రేకు మోగినా, ఎవ్వలు దిగలే. పక్కకు కొత్తగ లేసిన పెద్ద అపార్ట్‌మెంట్. గేటుకు లైట్లు, వాచ్‌మన్.

పద్మారాణికి అర్థమైంది. "ఈడ రేకుల ఇండ్ల చాలీ ఉండె," అన్నది మెల్లగ, ఎనక కూసున్నాయనకు చెప్తున్నట్టు. "కూలగొట్టిండ్రు, అన్నా. ఇంటోళ్లు ఎటు పోయిండ్రో నాకు ఎర్కలేదు."

సప్పుడు లేదు. ఇంజన్ కొట్టుకుంటుంది. లక్ష్మీరాజం దాన్ని గూడ బంజేసిండు... జల్ది వెట్టుడు ఎందుకని. చానసేపటికి పట్టీ కిర్రుమన్నది. శాన మెల్లగ. లోపట ఉండుడు ఇష్టం లేక, దిగుడు ఇష్టం లేక, దిగినట్టు.

పద్మారాణి కొంగుతోని కండ్లు తుడుసుకుంది.

ఇప్పుడా మెటడోర్ రోజూ జోల్వాకు పోయొస్తది. నేను గూడ అండ్లనే పోత. షట్టర్ కాడికి చాయ్ బండి మల్ల వచ్చింది. లక్ష్మీరాజం కూసొని నడుపుతడు, కాళ్లకు గుడ్డ పట్టీలు కట్టుకుంటడు. ఈ ముచ్చటంత ఆయన నడుపుకుంట చెప్పిందే. కని అపార్ట్‌మెంట్ కాడికి రాంగనే ముచ్చట ఆపుతడు. ఆ తర్వాత ఏమైందని అడిగితె తొవ్వ దిక్కు చూసుకుంట ఊకుంటడు.

మిగిలింది నాకు పద్మారాణి చెప్పింది.

బండి ఇంచుమించు ఖాళీ అయింది. ఇగ ఇంటికి మల్పుదామనుకుంటుంటె... టప్. టప్. శాన నిదానంగ. ఇద్దరు తలెత్తి చూసిండ్రు. రాజమ్మ ఇల్లు.

రాజమ్మ పద్మారాణితోని కలిసి రాళ్లంటిచ్చే మనిషి. ఒక్కతే ఉంటది. ఆమె పెనిమిటి సోమలింగం ఖాడీ పొంగిన రాత్రి మెటడోర్‌ల పోయినోళ్లల్ల ఒకడు.

పట్టీ కిర్రుమన్నది. బండి పూర్తిగ పైకి లేసింది.

ఇంట్ల లైటు వెలిగింది. తలుపు తీసుకొని రాజమ్మ గడప మీదికి వచ్చింది. నిద్రమొఖం, ముడి ఊడిన జుట్టు. ఇంజన్ సప్పుడుకు లేసిందనుకున్నరు. పద్మారాణి పలకరిద్దామని నోరు తెరిచింది.

రాజమ్మ వాళ్లదిక్కు చూడనే లేదు. బండికి, గడపకు నడుమ ఉన్న ఖాళీ జాగను పైకెల్లి కిందిదాక చూసింది.

"ఇప్పుడా వచ్చుడు?" అని గదిరిచ్చింది. "మొఖం జూడు, ఎట్ల వాడిపోయిందో... రా, లోపటికి రా."

పక్కకు జరిగి తొవ్వ ఇచ్చింది. జరసేపు ఆగి, తలుపేసింది. లైటు ఆరింది.

రోడ్డు మీద ఎక్కడ సప్పుడు లేదు. భార్యాభర్తలిద్దరు కదలకుండ కూసున్నరు.

లోపట నులకమంచం కిర్రుమన్నది. ఆ ఎంబటే, ఒళ్లంత అలిసిన మగమనిషి నడుం వాల్చుకుంట అన్న మాట —

"అమ్మయ్య..."