గడపకి ఎడమపక్క

సాయంత్రం వాన వెలిశాక తుమీరా చెల్లెలి ఇల్లు తుడుస్తోంది. ఎవరూ ఉండని ఇల్లు అది. నున్నటి పలకల నేల, నీలం అద్దాల కిటికీలు, ముందు రెండు తెల్లటి స్తంభాలు. చెల్లెలు సుపర్తీ తైవాన్‌లో ముసలివాళ్లకి సేవ చేసి కట్టించుకుంది. ఎదురుగా వెదురు తడికెల గోడలతో తుమీరా ఇల్లు. మధ్యనున్న వరిమడి కూడా పోయిన కోతలకి సుపర్తీదే అయింది. తుమీరా ఇంటిని ఊళ్లోవాళ్లు ఈమధ్య "మేడ ఎదురిల్లు" అంటున్నారు. ఆ మాట వింటే ఆమెకి ఒళ్లు మండిపోతుంది.

ఆమె కూడా వెళ్దామని చూడకపోలేదు. ఒకసారి ఊపిరితిత్తుల ఫొటోలో మచ్చ ఉందన్నారు. ఇంకోసారి సరిగ్గా బయల్దేరే ముందు మొగుడు మోటారుసైకిల్ మీంచి పడి మంచమెక్కాడు, ఆ మంచంలోనే పోయాడు. రేపు మళ్లీ పట్నంలో ఏజెంటు ఆఫీసుకి రమ్మన్నారు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. ఇక ఎవరూ పిలవరు.

ఫోన్ మోగింది. సుపర్తీ.

"అక్కా, స్తంభాల వెనక బూజు దులిపావా?"

"దులిపాను మహారాణీ. ఇంకేమైనా సెలవా?"

"అబ్బ, కోప్పడకే. రేపు నీ పని అవుతుందిలే. అవకపోయినా బాధపడకు. నా ఇల్లు చూసుకోడానికి నువ్వుంటేనే నాకు నిశ్చింత."

తుమీరా ఫోన్ పెట్టేసింది. చీపురు అక్కడే విసిరేసి బయటికొచ్చింది.

తుమీరా ఇంటి అరుగు మీద సమింతెన్ అత్త కూర్చుని కర్రపెండలం చెక్కుతోంది. ఆవిడ ఊరి మంత్రసాని. అక్కాచెల్లెళ్లిద్దరికీ బొడ్డు కోసింది ఆవిడే.

"అత్తా, అది ఎగిరిపోయింది. నేనిక్కడే పాతుకుపోయాను. ఏం పాపం చేశానంటావ్?"

"నువ్వేం చెయ్యలేదే, అంతా మీ నాన్న పని" అంది అత్త చెక్కడం ఆపకుండా. "నువ్వు పుట్టినప్పుడు నీతో వచ్చిన మాయని ఉప్పూ పసుపూ వేసి కుండలో పెట్టి, అదిగో, గడపకి ఎడమపక్క పూడ్చాడు. ఇల్లు వదలకుండా ఒకత్తి ఉండాలని. దానిదేమో ఏట్లో వదిలాడు. మాయ ఏటిపాలైతే మనిషి దేశాలు తిరుగుతుంది."

తుమీరా గడపకి ఎడమపక్క మట్టి వైపు చూసింది. అంటే పురిట్లోనే పంపకాలైపోయాయన్నమాట! చెల్లెలికి లోకం, తనకి గుమ్మం.

"మరి ఇప్పుడు తీసి వదిలితే?"

"ఛీ, నోర్ముయ్! అదేమన్నా చెత్తా? నీ తోడబుట్టింది, నీ వెనకే వచ్చిన చెల్లెలు. ఇన్నేళ్లుగా గడప పక్కన పడుకుని నీ ఏడుపంతా వింటోంది. నువ్వు కనీసం సంతకైనా వెళ్లొస్తావు. దానికి ఆ కుండ తప్ప ఏం తెలుసు?" అత్త గొంతు తగ్గించింది. "తప్పనిసరై కదిపినవాళ్లు 'అక్కకి దారి చూపించు' అని బతిమాలి మరీ వదలాలి. పొద్దుగూకే వేళ ఈ మాటలెందుకు, లే, దీపం పెట్టుకో."

అత్త వెళ్లిపోయింది. మసీదులో సందెవేళ మగ్రిబ్ అజాన్ మొదలైంది. తల్లులు పిల్లల్ని రెక్క పట్టుకుని ఇళ్లలోకి లాక్కెళ్లారు. వీధిలో ఇక ఎవరూ లేరు. తుమీరా దీపం పెట్టలేదు. పార తెచ్చింది.

నానిన మట్టి మెత్తగా తెగుతోంది. మొదట వాన వాసన. కాస్త లోతుకి వెళ్లాక పసుపు వాసన. అప్పుడే నూరిన పచ్చి పసుపు. తను పుట్టిననాటి పసుపు ఇంకా వాసనెయ్యడమేమిటి? ఆ ఆలోచన వచ్చింది గానీ చెయ్యి ఆగలేదు.

టక్. పార కుండకి తగిలింది.

ఆమె పార ఎత్తి పట్టుకుంది.

టక్... ఈసారి లోపల్నుంచి.

అయినా కుండని పైకి తీసి లుంగీ గుడ్డలో చుట్టి చంకనెత్తుకుంది. కుండ వెచ్చగా ఉంది. బరువుగా కూడా ఉంది. వరిమడి గట్టు మీద గబగబా నడుస్తుంటే లోపలున్నది అటూ ఇటూ సర్దుకుంటోంది...

ఏటి ఒడ్డున వంగింది. అత్త చెప్పిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే తలెత్తి చూసింది. మడికి అవతల మసక వెలుతురులో చెల్లెలి తెల్ల స్తంభాలు. తను తుడిచిన ఇల్లు. తను దులిపిన బూజు. ఆ కుళ్లులో మిగతావన్నీ కొట్టుకుపోయాయి.

"పో!" అంది పళ్లు బిగించి. "ఎంత దూరం పోగలవో అంత దూరం పో. ఈ కొంపకి మళ్లీ రాకు."

కుండని నీళ్లలోకి తోసింది. అది మునగలేదు. తిన్నగా అవతలి ఒడ్డుకి వెళ్లి ఆగింది. ఎవరో అందుకున్నట్టు పైకి లేచింది. చిన్నగా, తృప్తిగా ఒక నిట్టూర్పు. తర్వాత బురదలో అడుగులు... ఏరు దాటి, పట్నం రోడ్డు వైపు.

తుమీరా వెనక్కి తిరిగి పరుగెత్తింది. ఇంటి ముందుకొచ్చి ఆగింది. గడప మీద ఫోన్ పెట్టి, తవ్విన గుంత అంచున కూలబడింది. ఒక్క క్షణం ఊపిరి తీసుకుని లేద్దామనుకుంది. లేవలేకపోయింది. మళ్లీ వాన మొదలైంది. కింద మట్టి మెత్తగా జారి ఆమెని గుంతలోకి లాక్కుంది.

తెల్లవారుతుండగా పట్నం వ్యాను వీధి చివర హారన్ కొట్టింది. డ్రైవరు గొంతు స్పష్టంగా వినిపించింది.

"తుమీరాక్కా, రా రా! ఏంటిలా తడిసిపోయావ్? తల తుడుచుకో. అబ్బో, పొద్దున్నే ఆ నవ్వేంటి?"

"నేనిక్కడున్నాను..." అని అరిచింది తుమీరా. నోట్లోకి మట్టి వచ్చింది. ఉప్పగా ఉంది. వ్యాను తలుపు మూసిన చప్పుడు. వ్యాను వెళ్లిపోయింది.

ఎండెక్కాక సమింతెన్ అత్త వచ్చింది. గడప మీద ఫోన్ మోగుతుంటే తీసి చెవిన పెట్టుకుంది. సుపర్తీ అరుపు బయటికే వినిపిస్తోంది.

"అక్కకి ఖాయమైపోయిందట! ఏజెంటు ఇప్పుడే చెప్పాడు. వచ్చేవారమే విమానం. మీ అక్క ఇంత సరదా మనిషని తెలీదన్నాడు అత్తా!"

సరదా మనిషి! ఆ కుండలోది తన పేరు మీద, తన మొహంతో, తన విమానమెక్కబోతోంది. అంత భయంలోనూ తుమీరాకి ఆ క్షణాన చెల్లెలి మీద కూడా ఎన్నడూ లేనంత అసూయ పుట్టుకొచ్చింది. అత్తా... అత్తా, ఇటు చూడు... అని పిలిచింది.

అత్త ఫోన్ పక్కన పెట్టింది. ఎవరో పిలిచినట్టు చుట్టూ చూసింది. ఇంట్లోకి తొంగిచూసింది. గుంత వైపు తిరిగింది.

"తవ్విన గుంత పూడ్చకుండానే పరుగెత్తింది, పిచ్చి మొద్దు" అని గొణుక్కుంటూ ఒడ్డునున్న మట్టి కాలితో లోపలికి నెట్టింది. తర్వాత వంగి, చేత్తో మెల్లగా చదును చేసింది.

ఆ అరచెయ్యి తుమీరా నెత్తి మీద పడింది.