ఒకటో తరగతి గీత

పొద్దున్నే కొట్టు తలుపులు తీయగానే తండ్రి చేసే మొదటి పని గాజు అలమర తుడవడం. ఇంటి ముందుగదే కొట్టు, ఎదురుగా బడి. పలకలూ పెన్సిళ్ళూ సబ్బులూ దుమ్ము కొట్టుకుపోయినా ఆయనకు పట్టదు గానీ, ఆ అలమర మీద ఈగ వాలితే ఊరుకోడు. మూడేళ్ళ కిందట సిగరెట్ల కంపెనీ మనిషి వచ్చి, పైసా అడక్కుండా ద్వారబంధం పక్కనే బిగించి వెళ్ళాడు. లోపల ఎర్ర లైటు, వరసగా సిగరెట్ పెట్టెలు, వాటిని ఆనుకుని చాక్లెట్ల సీసాలు. దాంతో కొట్టుకే కళ వచ్చిందని ఆయన మురిపెం. ఇంతా చేసి, ఆయన జన్మలో ఒక్క దమ్ము కొట్టి ఎరగడు.

"నాన్నా, ఇవాళ మన కొట్టు కొలవాలి," అంది కూతురు, భుజానికి సంచీ తగిలించుకుంటూ. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పట్టుకుంటే వదలదని ఇంట్లో అందరూ కందిరీగ అంటారు. ఆ పేరు పెట్టింది తండ్రే. కాబట్టి కుట్టించుకోవడం కూడా ఆయన వంతే.

"కొలవడానికి ఇదేమన్నా పొలమా?"

నెల్లాళ్ళుగా కందిరీగా, ఆమె క్లాసు వాళ్ళు నలుగురూ టేపు పట్టుకుని తిరుగుతున్నారు. బడి చుట్టుపక్కల కొట్లలో పొగాకు సరుకు ఎంత ఎత్తులో పెడుతున్నారు, పక్కన ఏం పెడుతున్నారు అని రాసుకుంటున్నారు. శనివారం బడిలో తల్లిదండ్రుల సమావేశం. ఆ జాబితా అక్కడ చదవాలి, చదివేది కందిరీగే. పదకొండు కొట్లు అయిపోయాయి. పన్నెండోది ఇదే. పాపం, ధైర్యం చాలక చివరిదాకా వాయిదా వేసింది.

"అంటే అందరి ముందూ నీ నోటితోనే నీ తండ్రి పరువు తీస్తావన్నమాట!"

"పరువు సంగతి కాదు నాన్నా, ఎత్తు సంగతి. పదకొండింట్లో తొమ్మిది కొట్లలో ఆ పెట్టెలు సరిగ్గా చిన్నపిల్లల కళ్ళ ముందున్నాయి. అది ఊరికే జరిగిందంటావా?"

"నేను కూర్చునే తీసుకోడానికి వీలుగా ఉంటుందని కింద పెట్టారు. పిల్లలకి నేనెప్పుడైనా ఒక్కటి అమ్మానా? నా కొట్లో నన్నే దొంగని చేస్తావా?"

"అమ్మలేదు. రోజూ చూపిస్తున్నావు."

ఆయన ముఖం మాడిపోయింది. "టేపు పట్టుకుని నా గడప తొక్కావంటే బాగుండదు," అన్నాడు. కందిరీగ టిఫిను ముట్టకుండా విసవిసా వెళ్ళిపోయింది. తల్లి గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చేసరికి గొడవ అయిపోయింది.

"తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఇద్దరే. మధ్యలో వండింది నేను తినాలి!" అందామె.

"వాడు దాని వయసులో ఇంతకన్నా పెంకివాడు. విత్తొకటైతే చెట్టొకటవుతుందా?" అంది వాకిట్లో కుర్చీ వేసుకున్న నాయనమ్మ.

బడిలో చిన్నగంట కొట్టాక ఒకటో తరగతి పాప ఒకతి రబ్బరు కోసం వచ్చింది. ఆయన రబ్బరు తీసి ఇచ్చినా అందుకోలేదు. నోరు తెరుచుకుని అలమరలోకే చూస్తోంది.

"ఏం కావాలమ్మా?"

"ఆ లైటు డబ్బాల్లో ఏ చాక్లెట్లుంటాయి తాతా? నేను రోజూ వాటినే చూస్తా."

పాప వెళ్ళిపోయింది. ఆయన బల్ల చుట్టూ తిరిగి, కొనేవాళ్ళు నిలబడే వైపు వచ్చాడు. మూడేళ్ళలో అలమర తుడవడమే గానీ, ఇటువైపు వంగి చూసింది లేదు. మోకాళ్ళ మీద కూర్చుంటే ఎర్ర పెట్టెలు నేరుగా ముఖంలోకి వచ్చాయి. పక్కన ద్వారబంధం మీద పెన్సిలు గీతలు కనబడ్డాయి. ఏటా బడి తెరిచిన రోజున కూతుర్ని అక్కడ నిలబెట్టి, నెత్తిన స్కేలు పెట్టి ఆయనే గీసినవి. ఒకటో తరగతి అని రాసిన గీతకు సరిగ్గా నాలుగు వేళ్ళ కింద ఆ వరస మొదలవుతోంది.

"ఏంట్రా ఆ మోకాళ్ళు? ఏమన్నా పోయిందా?" అంది నాయనమ్మ.

"పోయిందేదో దొరికిందమ్మా," అన్నాడాయన.

సాయంత్రం కందిరీగ తల దించుకుని ఇంటికొచ్చింది. దారి పొడుగునా ఏడ్చినట్టు ముఖమే చెబుతోంది. "పన్నెండోది రాయట్లేదు నాన్నా. జాబితా కూడా వేరేవాళ్ళని చదవమన్నాను," అంటూ తలెత్తి ఆగిపోయింది. ద్వారబంధం పక్కన గోడకు నాలుగు మేకుల కన్నాలే ఉన్నాయి. అలమర వాకిట్లో బోర్లా పడి ఉంది. దాని మీద నాయనమ్మ కాళ్ళు చాపుకుంది.

తండ్రి కూతుర్ని బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"ఈ అలమర బిగించిన రోజు ఆ కంపెనీ మనిషి నీ గీతలు చూశాడు. మీ పాపవా, ఏ గీత ఏ తరగతిది అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. నా బిడ్డ గురించి అడిగితే నేను ఆగుతానా? ఒక్కోటీ వేలు పెట్టి చూపించాను. టీ ఇప్పించాను. ఒకటో తరగతి గీత మీద వాడు అరచెయ్యి అడ్డంగా పెట్టి, దాని కిందే మేకు కొట్టాడు. నేను నవ్వుతూ సుత్తి అందించాను తల్లీ." ఆయన కళ్ళు తుడుచుకోలేదు. "నీ ఎత్తు నేనే చెప్పానే వాడికి!"

కందిరీగ తండ్రి మెడ చుట్టేసి భోరుమంది. "నీకు తెలీదు కదా నాన్నా."

"తెలీకే అంత మురిసిపోయాను. రాయి. మొదటిది మన కొట్టే రాయి. చదివేది కూడా నువ్వే. వెనక బెంచీలో నేనుంటా. ఎత్తు ఎవరు చెప్పారని అడిగితే లేచి నిలబడతా. అలమరా, అందులోని సరుకూ రేపు వాళ్ళకే పంపేస్తాను. కొట్టు కాస్త చిక్కిపోతుంది, పోనీ."

"ముందు మీరిద్దరూ చిక్కిపోకుండా అన్నానికి రండి," అంది తల్లి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

"ఒక్క నిమిషం." ఆయన స్కేలూ పెన్సిలూ తీశాడు. "ఇలా నిలబడు. పదో తరగతి తర్వాత గీయనివ్వలేదు నువ్వు."

కందిరీగ ద్వారబంధానికి వీపు ఆనించి బుద్ధిగా నిలబడింది. ఆ ఎత్తుకు ఆయనే మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది. గీత కొంచెం వంకరపోయింది.

"ఈసారి ఏ తరగతని రాయను?"

"ఇంకా తరగతేంట్రా!" అంది నాయనమ్మ వాకిట్లోంచి. "నీకు పాఠం చెప్పింది, టీచరమ్మ అని రాయి."

ఆయన కళ్ళు తుడుచుకుని, నిజంగానే అలాగే రాశాడు.