రెండో మనిషి

ఆదివారం మధ్యాహ్నం మూడయింది. పలాస వీధుల్లో జీడిపిక్కలు కాల్చిన వాసన ఇంకా వదల్లేదు. గౌరీశ్వరికి ఆదివారమంటే ఒళ్ళు మంట. ఊరంతా తిని పడుకునే వేళకి తను ఆఫీసు తాళం తీయాలి. ఉద్దానం పొడుగునా తను పనిచేసే సంస్థకున్న నలభై డయాలసిస్ సెంటర్లకీ వారంలో ఇదొక్కటే సెలవు. యంత్రాలు ఖాళీగా ఉన్నప్పుడే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి.

ఎవరి ఒంట్లోంచి ఎంత నీరు లాగాలో యంత్రానికి చెప్పేది ఆ సాఫ్ట్‌వేరే. అందుకని సంస్థ ఒక నియమం పెట్టింది. ఒకరు ఎక్కించాలి, రెండో మనిషి అంతా చదివి అనుమతి ఇవ్వాలి. ఇద్దరూ లేకుండా ఎక్కించడం కుదరదు. ఎక్కించింది వెనక్కి తీయడమూ కుదరదు.

నియమం మంచిదే. కాకపోతే ఆ రెండో మనిషి చచ్చిపోయి ఎనిమిది నెలలయింది.

ఆయన పట్టాభిరామయ్య మాస్టారు. కిడ్నీలు పోయి, ఆరేళ్ళు పూండి సెంటర్లో డయాలసిస్ చేయించుకుంటూనే ఉద్యోగం చేసిన మనిషి. రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని డాక్టర్లు కొలిచిచ్చారు. ఆ కొలతకి సరిపడా ఒక చిన్న స్టీలు గ్లాసు, దాని మీద చెక్కించిన పేరు. ఆ గ్లాసు ఇప్పటికీ ఆయన బల్ల మీదే ఉంది. తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. ప్రతి అక్షరమూ చదివి, చివర్న కళ్ళద్దాల పైనుంచి చూసి ఒకటే అడిగేవారు: "వెనక్కి తీసే దారి ఉందా, అమ్మాయ్?"

ఆయన స్థానంలో ఇంకొకర్ని పెట్టండి మహాప్రభో అని గౌరీశ్వరి హైదరాబాదు హెడ్డాఫీసుకి పదకొండుసార్లు రాసింది. పదకొండుసార్లూ ఒకటే జవాబు. పాత మనిషి తన లాగిన్ నుంచి తప్పుకుంటున్నానని పంపితేనే కొత్త మనిషిని పెడతారట.

"ఆయన్ని లేపుకొచ్చి పంపించమంటారా సార్?" అని అడిగేసింది ఒకసారి.

"సిస్టమ్‌లో వేరే దారి లేదండీ," అన్నాడు మేనేజరు మహీధర్, నవ్వకుండా.

అందుకని మాస్టారి ఫోను సొరుగులో ఛార్జింగు మీద బతికే ఉంది. గౌరీశ్వరే ఎక్కిస్తుంది. ఆయన లాగిన్‌తో గౌరీశ్వరే అనుమతి ఇస్తుంది. ఆయన ఫోనుకి వచ్చే ఓటీపీ కొడుతుంది. చదవడమా? ఇద్దరి పని ఒక్కతే చేస్తుంటే చదివే తీరికెక్కడిది!

"బతికున్నప్పుడు పూటంతా సదివీవోరు," అన్నాడు వాచ్‌మన్ పోలయ్య గుమ్మంలో నిలబడి. "పోయాక మాస్టారికి తొందరెక్కువైపోనాది. సిటికెలో ఒప్పీసుకుంతన్నారు."

"నీ ఎటకారం తగలెయ్య. టీ పట్రా."

"తెత్తానమ్మా. సముద్రం మీద మబ్బు దిగిపోతంది, లైటేసుకోండి."

లైటు వేసేలోగా కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద కంప్యూటరొక్కటే వెలుగుతోంది. కిటికీలు నల్లబడ్డాయి. గౌరీశ్వరి ఎక్కించే బటన్ నొక్కి, ఓటీపీ కోసం సొరుగు వైపు చెయ్యి చాచింది.

సొరుగు ఇంకా తెరవలేదు. తెర మీద అక్షరాలు మారాయి.

రెండో మనిషి అనుమతి: వచ్చింది. పట్టాభిరామయ్య. 3.42.

సొరుగు లాగింది. ఫోను ఆరిపోయి ఉంది. ఛార్జింగు వైరుని ఎలుకలు ఎప్పుడో రెండు ముక్కలు చేశాయి.

మహీధర్‌కి ఫోన్ చేసింది. "సార్, ఆయన లాగిన్ మీరేమైనా వాడారా?"

"నేనెందుకు వాడతానండీ? అనుమతి వచ్చేసింది కదా. ఇంకేం కావాలి మీకు?"

"ఎవరిచ్చారని అడుగుతున్నాను!"

"కంప్లయింటు టిక్కెట్ పెట్టండి. రేపు చూస్తారు."

ఫోను బల్లకేసి కొట్టాలనిపించింది. అంతలో వాసన మారింది. జీడి పొగ పోయి, డయాలసిస్ వార్డులో నేల కడిగే బ్లీచింగు వాసన... ఈ ఆఫీసులో బ్లీచింగు ఏది?

ఎనిమిది నెలల్లో మొదటిసారి, ఎక్కించినదాన్ని చదవడం మొదలుపెట్టింది. నూట పన్నెండో వరుస దగ్గర కళ్ళు ఆగిపోయాయి.

పూండి. నాలుగో మంచం. లాగాల్సినదానికన్నా రెండు లీటర్లు అదనం.

యంత్రాన్ని పరీక్షించడానికి ఎవరో పెట్టి, తీసేయడం మరచిన అంకె. మనిషి పడుకుంటే గుండె ఆగిపోయే అంకె. ఇది ఇంతకుముందు ఎక్కడైనా... పాత వెర్షన్లు తిరగేసింది. ఒక్కదాంట్లోనే ఉంది. ఎనిమిది నెలల కిందటిది. ఆ మరుసటి వారం ఎవరో నోరెత్తకుండా తీసేశారు.

ఆ ఆదివారం బాగా గుర్తుంది. మాస్టారికి జ్వరం, ఫోను ఆఫీసులోనే వదిలేశారు. ఇంకెవరి ఫోను నుంచో మాట్లాడారు. "నా పేరుతో నువ్వే కొట్టు. కానీ చదివావా, అమ్మాయ్?"

"చదివాను మాస్టారూ."

చదవలేదు. ఆకలేసింది, విసుగేసింది, కొట్టేసింది. సోమవారం పొద్దున్న పూండిలో, నాలుగో మంచం మీద, మాస్టారు పోయారు. గుండె ఆగిందన్నారు. ఆరేళ్ళ రోగి కదా... ఎవరూ ఇంకో మాట అడగలేదు.

ఇప్పుడు సోమవారాలు ఆ మంచం మీద పడుకునేది గౌరీశ్వరి తల్లి సీతారత్నం.

వెనక్కి తీసే బటన్ నొక్కింది. రెండో మనిషి అనుమతి కావాలంది. తన ఛార్జరు వైరు తెచ్చి, వెలుగుతున్న కంప్యూటరుకి గుచ్చి మాస్టారి ఫోనుకి పెట్టింది. వెలిగింది. ఓటీపీ వచ్చింది. ఒక్కో అంకె సరిచూసుకుని కొట్టింది.

అనుమతి: ఇవ్వలేదు. పట్టాభిరామయ్య. 4.10.

కారణం రాసే గడిలో ఒక వాక్యం ఉంది.

వెనక్కి తీసే దారి ఉందా, అమ్మాయ్?

వెనక కుర్చీ కిర్రుమంది... తిరిగి చూడలేదు. పూండి సెంటర్లో టెక్నీషియన్ సంధ్యకి ఫోన్ చేసింది. కలవలేదు. మళ్ళీ చేసింది. కలవలేదు. ఆఖరికి అమ్మకి చేసింది. సెంటరుకి రెండిళ్ళ అవతలే అమ్మ ఇల్లు.

"అమ్మా! రేపు డయాలసిస్‌కి ఎల్లకు. నేనొచ్చీవరకు ఇల్లు కదలకు. ఇనపడుతోందా?"

"ఏటే గౌరీ, అలా అరుత్తన్నావు?" తల్లి గొంతు నీరసంగా ఉంది. దాని వెనకాల సన్నగా, ఆగకుండా యంత్రం తిరుగుతున్న చప్పుడు. "రేపేటి? ఇవాలే ఎక్కీసినాను."

"ఇవాళ... సెంటరు మూసేశారు కదమ్మా..."

"మీ ఆఫీసు మాస్టారంట, ఆయనే తాళం తీసి పిలిసినారు. రేపు జనం ఎక్కువొత్తారు, ఇప్పుడే ఎక్కమ్మా అన్నారు. నాలుగో మంచమే. మంచి మనిసే, పక్కనే కూకున్నారు. దాహం ఏత్తందంటే నీళ్ళు కూడా ఇచ్చినారు, తన గలాసుతోటే. సిన్న స్టీలు గలాసు. ఏదో పేరు సెక్కుంది దాని మీద..."

గౌరీశ్వరి మెల్లగా తల తిప్పింది.

మాస్టారి బల్ల మీద ఎనిమిది నెలల దుమ్ము అలాగే ఉంది. గ్లాసు ఉండే చోట మాత్రం, దుమ్ము లేని గుండ్రటి మచ్చ. అది ఇంకా తడిగా ఉంది.