మెట్ల మలుపులో అడుగులు

ఆ పాత మేడలో, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మెట్ల మలుపు ఒకటుంది. కరెంటు పోయిందంటే అటు తొంగిచూసే మొనగాడు లేడు. ధబ్... ధబ్... అని అడుగులు వినిపిస్తాయట. తెలిసినవాళ్ళ గొంతుతో "నేనే, తలుపు తియ్యండి" అంటుందట అక్కడి దెయ్యం. తీశారా, ఇక అంతే సంగతులు!

ఆ అడుగుల సంగతి తర్వాత. ముందు దెయ్యం అక్కడికెలా వచ్చిందో వినండి.

మూడో అంతస్తులో ఒక లిఫ్టు మెకానిక్కు ఉండేవాడు. లోకాన్నంతా పైకెక్కించేవాడికి తన ఇంటికి మాత్రం మెట్లే గతి. పెళ్ళికి ముందు, పని మీద ఊళ్ళు తిరిగే రోజుల్లో, తిరగకూడని చోట్ల కూడా తిరిగాడు. చెప్పుకోలేని చోట పుండు లేచింది. నొప్పి లేదు, దురద లేదు. దానంతటదే మానిపోయింది. పెళ్ళినాటికి అరచేతుల్లో, అరికాళ్ళలో ఎర్రటి మచ్చలు.

"గ్రీజు నా ఒంటికి పడలేదు," అన్నాడు కొత్త పెళ్ళాంతో.

మచ్చలూ పోయాయి. పీడ విరగడైందనుకున్నాడు. ఆ పీడ పోయేది కాదు, దాక్కునేది.

మొదటి బిడ్డ ఏడో నెలలో ప్రాణం లేకుండా పుట్టింది. రెండో బిడ్డా అంతే. కారణం వాడి తల్లి కనిపెట్టింది.

"మెట్ల మలుపులో బాలింత దెయ్యం ఉంది. కడుపుతో ఉన్నదాన్ని చూస్తే ఓర్వలేదు. అదే మింగేస్తోంది."

కొడుకు కాదన్నాడా? లేదు సరికదా, "అవునమ్మా, దాని ఏడుపు నేనూ విన్నాను," అని వంత పాడాడు.

మూడోసారి కడుపు నిలిచింది. ఈసారి ఆసుపత్రిలో రక్తపరీక్ష చేశారు. డాక్టరమ్మ తలుపు మూసి, ఆమెకు నెమ్మదిగా చెప్పింది.

"దీన్ని సిఫిలిస్ అంటారమ్మా. వారానికొకటి చొప్పున మూడు పెన్సిలిన్ ఇంజెక్షన్లు. ఇప్పుడే మొదలుపెడితే బిడ్డ దక్కుతుంది. ఆయన్నీ తీసుకురా. ఎవరి నుంచి ఎవరికొచ్చిందో మాత్రం రక్తం చెప్పదు."

ఆ చివరి ముక్క చాలు అత్తగారికి!

"నా కొడుకు బంగారం. ఎక్కడ అంటించుకొచ్చావే? రేపు తెల్లారగానే మీ పుట్టింటికి నడువు."

ఆమె మొగుడి వైపు చూసింది. వాడు ఒక్క మాటంటే చాలు, ఆమె తలెత్తుకుని బతుకుతుంది.

"నాకేం లేదు," అన్నాడు వాడు, చెప్పులేసుకుంటూ.

ఆ రాత్రి వాడు ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. గోడ తడుముకుంటూ ఎక్కుతున్నాడు. మలుపు దగ్గర... ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

"ఎ... ఎవరది?"

ఊపిరి ఆగింది.

"ఇద్దరు బిడ్డల్నీ నేనే మింగానన్నావు..." గుసగుస. "నేనేనా...? ఏదీ, అరచేతులు చూపించు..."

లేని దెయ్యానికి సాక్ష్యం చెప్పినవాడు కదా, ఆ దెయ్యమే నిలదీస్తే ఏం చెబుతాడు? మెట్ల మీద కూలబడిపోయాడు.

"నువ్వు కాదు తల్లీ! నేనే! పెళ్ళికి ముందే తెచ్చుకున్నాను. నా పెళ్ళానికి ఏ పాపమూ తెలీదు... నన్నొదిలెయ్!"

అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

వెలుగులో పెళ్ళాం. ఒక చెయ్యి కడుపు మీద ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెనక మెట్టు మీద వాడి తల్లి. "రండత్తయ్యా, మీ దెయ్యాన్ని చూపిస్తాను," అని ఆమే పిలుచుకొచ్చింది.

"విన్నారా?" అంది కోడలు.

అత్తగారు విన్నది. ఒక్క అక్షరం పొల్లుపోకుండా విన్నది. కొడుకు పక్కన కూర్చుని వాడి తల నిమిరింది.

"నెమ్మదిగా ఏడవరా. పక్కవాళ్ళు వింటారు."

తెల్లారేసరికి ప్రతి గడపా తొక్కింది. "మా కోడలికి దెయ్యం పట్టిందమ్మా, పంపించేశాం. ఆ దెయ్యం మాత్రం మలుపులోనే ఉండిపోయింది, తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుంది. చచ్చినా తలుపు తియ్యకండి." కన్నీళ్ళు పెట్టుకుని మరీ చెప్పింది. నమ్మనివాళ్ళు లేరు.

కోడలు సంచీ పట్టుకుని నేరుగా ఆసుపత్రికే వెళ్ళింది. మూడు ఇంజెక్షన్లూ చేయించుకుంది. బిడ్డ కేరుమంటూ పుట్టింది. ఆమె మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. "మీరూ చూపించుకోండి," అని ఒకసారి కబురు మాత్రం పెట్టింది.

"పుండు లేదు, మచ్చ లేదు, నాకెందుకు?" అన్నాడు వాడు. వెళితే అమ్మ చెప్పిన కథ అబద్ధమైపోదూ!

ఏళ్ళు గడిచాయి. తల్లి పోయింది. దాక్కున్న జబ్బు వెన్నుపాములోకి దిగింది. వాడి కాళ్ళకిప్పుడు నేల ఎక్కడుందో తెలీదు. వెలుతురుంటే చూసుకుని అడుగేస్తాడు. చీకటైతే కాలు పైకెత్తి మోదడమే.

ధబ్... ధబ్...

కరెంటు పోయిన రాత్రుల్లో, ఆ మలుపు దగ్గర కాలు తప్పి పడిపోతుంటాడు. లేవలేడు.

"నేనే... తలుపు తియ్యండి..."

లోపల తల్లులు పిల్లల నోళ్ళు మూసి, గడియ పడిందో లేదో ఇంకోసారి చూసుకుంటారు.