మూడో రంగు

శవం జానెడు కూడా లేదు.

తోకతో కలిపి కొలిచినా లేదు. చిట్టెలుక. ఒళ్లంతా పొడి అంటుకుని, పళ్లు బయటపెట్టి, స్టేషన్ బల్ల మీది స్టీలు ప్లేటులో ఒక పక్కకు తిరిగి పడుంది.

సి.ఐ. తిమ్మయ్య ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకున్నాడు. ఎర్రగుంట్ల సర్కిల్‌లో బావిలో తేలిన శవాలు చూశాడు. రైలు పట్టాల మీద ముక్కలైనవీ చూశాడు. ఎప్పుడూ ఇట్లా ముక్కు మూసుకోలేదు. ఆ శవాలను ఎవరూ అన్నంలో కలుపుకుని తినలేదు.

"ఎప్పుడు చూసినావమ్మా?"

"నిన్న రాత్రి ఎనిమిదిన్నరకు సార్." ఎదురుగా కూర్చున్నామె పేరు శ్రావణి. ప్రొద్దుటూరులో టీచరు. "అప్పటికే సగం ప్యాకెట్టు అయిపోయింది. మావాడికి అన్నంలోకి రోజూ ఆ పొడే కావాల. స్పూను లోపలికి పెడితే మెత్తగా ఏదో తగిలింది. గడ్డ కట్టిందేమో అనుకున్నా. ప్యాకెట్టు వెనకపక్క కత్తిరించి చూస్తే..."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పిల్లోడు ఎట్లుండాడు?"

"ఆసుపత్రిలో ఉండాడు. వాంతులు నిలిచినాయి. నన్ను చూస్తానే ఏడుస్తాండాడు. నేనే పెట్టినా కదా సార్."

"ప్యాకెట్టు యాడ కొన్యావు?"

"మంత్రాలయంలో. పోయిన బేస్తవారం దర్శనానికి పోయినాం. మఠం దారిలో ఒక అంగట్లో."

కత్తిరించేటప్పుడు శ్రావణి భర్త ఫోన్‌లో వీడియో తీశాడు. వెనకపక్క అడ్రసు, లైసెన్సు నంబరు, కత్తెర, ఆ తర్వాత తోక. తెల్లారేసరికి జిల్లా అంతా చూసింది.

అడ్రసు స్పష్టంగా ఉంది. కృపమ్మ చెనిక్కాయల పొడి, ముద్దనూరు రోడ్డు, ఎర్రగుంట్ల.

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ సుప్రజ పొద్దున్నే పోయి ఆ యూనిట్‌కు సీలు వేసి వచ్చింది. లైసెన్సు నంబరు సరిపోయింది. ఇంకేం చూడాలి?

"నాలుగు గంటలకు నా రిపోర్టు పైకి పోతుంది తిమ్మయ్యగారూ," అంది. "లైసెన్సు రద్దు. మీ పని మీరు చూసుకోండి. అరెస్టో, ఏదో."

తిమ్మయ్య గోడ గడియారం చూశాడు. పదకొండుంబావు.

ప్యాకెట్టును ప్లాస్టిక్ కవరులో వేయించాడు. వేసేముందు ఒకసారి ముందుపక్క తిప్పి చూశాడు. గోనె రంగు కవరు మీద ఒక ఆడమనిషి ముఖం. కింద పేరు. మామూలే అనిపించింది. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని జీపు ఎక్కాడు.

*

యూనిట్ బయట పద్నాలుగు మంది ఆడవాళ్లు నాపరాళ్ల అరుగు మీద కూర్చుని ఉన్నారు. అందరికీ ఒకేరకం గోనె రంగు ఏప్రన్లు. ఏప్రన్ల మీద నల్లగీతలతో అదే ముఖం. గోడ మీదా అదే. అట్టపెట్టెల మీదా అదే. పక్కన ఆగిన సరుకు ఆటో మీదా అదే.

ఆ ముఖం గల మనిషి తలుపు దగ్గర నిలబడింది. కృపమణి. యాభై దాటింది. కళ్లు ఎర్రబడ్డాయి గాని ఏడవడం లేదు.

"నీ పొడిలోకి ఎలుక ఎట్లొచ్చె?"

"రాదు సార్."

"వచ్చింది కదమ్మా."

"నాలుగుసార్లు జల్లిస్తాం. జల్లెడలో ఎలుక దూరుతాదా మీరే చెప్పండి."

తిమ్మయ్య తలుపు దగ్గరికి నడిచాడు. సీలు పక్కకు జరిపించి లోపలికి పోయాడు. తప్పు పట్టుకుందామని వంగి మూలలు చూశాడు. నేల తుడిచి ఉంది. కిటికీలకు జాలీలున్నాయి. వేయించే బాణలిలో మసి లేదు. బయటికి వచ్చేసరికి చిరాకు ఇంకా ఎక్కువైంది.

"ఇది పోతే ఏమవుతుంది నీకు?"

"నాకేమవుతాది సార్. ముందర సిమెంటు మూటలు కుట్టేదాన్ని, మళ్లా కుడతా." అరుగు మీదివాళ్లను చూపించింది. "వీళ్లల్లో సగం మందికి ఆ దుమ్ముకే ఊపిరి ఆడక ఈడికి వచ్చిండేది. వీళ్లను మళ్లా ఆ దుమ్ములోకే తోలాల."

సరుకు ఆటో దగ్గర ఆమె మరిది ఏసుకుమార్ ఉన్నాడు. ప్యాకింగు వాడి చేతిలో పని. అచ్చేసిన ప్యాకెట్ల కవరు చుట్టలు పెట్టే గది తాళం కూడా వాడి దగ్గరే.

"మీ వదినతో పోయిన వారం కొట్లాడినావంట?"

"కొట్లాడినా సార్. వాటా అడిగినా."

"ఇయ్యనంది. ఎలుకనేసినావు."

"వాటా అడిగినోడు సరుకులో ఎలుకనేస్తాడా సార్? అప్పుడు నా వాటాకు వచ్చేది ఎలుకే కదా!"

అరుగు మీది ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు.

కడప నుంచి వంశీ బైకు మీద వచ్చాడు. పాతికేళ్ల కుర్రాడు. ఈ ప్యాకెట్టు, ఈ బొమ్మ, ఈ అక్షరాలు అన్నీ వాడు చేసినవే.

"ఈ గోనె రంగేందప్పా? ఇంతకంటే మంచి రంగు దొరకలేదా?"

"మొదట వేరే రంగులే చెప్పినా సార్. పచ్చ పెడితే ఒక పార్టీ వాళ్లదంటారని అక్క వద్దంది. నీలం పెడితే ఇంకొకరిదంట. మన జిల్లాలో ఏ రంగు పెట్టినా ఎవుడో ఒకడు మాదంటాడు. చివరికి గోనెసంచి ఏ పార్టీదీ కాదని అదే పెట్టినాం."

"అంతేనా? ఒక రంగేనా?"

"రెండు. గోనె రంగు, నలుపు. అన్నిటి మీదా అవే. అవే అక్షరాలు, అదే బొమ్మ. దూరం నుంచి చూసినా, చదువు రానోళ్లు చూసినా కృపమ్మ పొడి అని తెలియాల. దాంట్లో ఎవురన్నా మూడో రంగు పెట్టమంటే నేను పనే ఇడిసిపెడతా సార్."

తిమ్మయ్య వాణ్ని ఒక క్షణం చూశాడు. 

అప్పుడే తెల్లకారు వచ్చి ఆగింది. అత్తరు వాసన ముందు దిగింది. తర్వాత భూపేష్ దిగాడు. కర్నూలు పక్క కృపమ్మ పొడికి డిస్ట్రిబ్యూటరు. ఎమ్మిగనూరులో ఇల్లు, గోడౌను.

"అక్కా అక్కా అని నెత్తిన పెట్టుకున్యా సార్ ఈమెను," అన్నాడు కృపమణి వైపు చూడకుండా. "నా పరువు తీసింది. ఉన్న సరుకంతా వాపసు పంపిస్తాండా."

"నీకు ఎవరి మీద అనుమానం?"

"ఇంటి మనిషి కాకపోతే ఎవురు చేస్తారు?" ఏసుకుమార్ వైపు గడ్డం ఎగరేశాడు.

"మీ ఇంట్లో ఈ పొడే తింటారా?"

భూపేష్ ముఖం చిట్లించాడు. "మా ఇంట్లో బయటి సరుకు తినం సార్."

ఆ మాటకు తిమ్మయ్య మళ్లీ కర్చీఫు తీసి ముక్కుకు పెట్టుకున్నాడు. రెండేళ్లుగా ఊరందరికీ తినబెట్టి బతుకుతున్నవాడి మాట అది.

జీపు దగ్గరికి పోయాడు. ప్లాస్టిక్ కవరు తీసి, ముందుపక్క వెలుతురుకు పెట్టి చూశాడు. తలెత్తి గోడ మీద బొమ్మ చూశాడు. మళ్లీ కవరు చూశాడు. చానాసేపు చూశాడు. తనను తానే తిట్టుకున్నాడు. ఎమ్మిగనూరు స్టేషన్‌కు ఒకటి, మంత్రాలయం స్టేషన్‌కు ఒకటి, రెండు ఫోన్లు చేశాడు.

ఏం చూశాడో కానిస్టేబుల్‌కు చెప్పలేదు.

"సుప్రజ మేడమ్‌ను పిలువు. ఆ టీచరమ్మను కూడా. ఒక్కరూ కదలకూడదు ఈడి నుంచి."

*

మూడున్నరకు అందరూ ప్యాకింగు బల్ల చుట్టూ ఉన్నారు. బల్ల మీద రెండు ప్యాకెట్లు. ఒకటి ఏసుకుమార్ లోపలి నుంచి తెచ్చింది. రెండోది ఎలుక ప్యాకెట్టు. రెండూ వెనక్కు తిప్పి పెట్టి ఉన్నాయి.

"మేడమ్, పొద్దున మీరు ఏం చూసినారు?" అన్నాడు తిమ్మయ్య.

"వెనకపక్క. లైసెన్సు నంబరు, అడ్రసు. రెండూ సరిపోయినాయి."

"నువ్వమ్మా?"

"ఎలుకను చూసినా సార్," అంది శ్రావణి. "ఇంకేం కనిపిస్తుంది?"

"వీడియోలో కూడా వెనకపక్కే ఉంది. కృపమణీ, వంశీ, మీరు చూసింది వీడియోనే. ఈ ప్యాకెట్టు ముందుపక్క మీకు ఎవరూ చూపలేదు. నేను చూసినా. పొద్దున చేతిలో పట్టుకుని మరీ చూసినా. చూసి కూడా గుడ్డోని మాదిరి కవరులో వేసినా."

రెండు ప్యాకెట్లూ ముందుకు తిప్పాడు.

 మొదట కృపమణి చేయి తన నుదుటి మీదికి పోయింది.

ఎలుక ప్యాకెట్టు మీది ముఖానికి బొట్టు ఉంది. కుంకుమ రంగులో, గుండ్రంగా.

"ఇది నేను కాదు," అంది కృపమణి.

"కాదు. మా ఇంట్లో, మా వీధిలో ఏ ఆడమనిషి ముఖం చూసినా బొట్టుంటుంది. అందుకే నా కంటికి అది తేడాగా కనబడలేదు. నువ్వు నా ఎదురుగా నిలబడి మాట్లాడినావు. నీ నుదురు చూస్తానే ఉండా. అయినా తట్టలేదు. వంశీ మూడో రంగు మాట అన్నాకే నా బుర్ర తిరిగింది."

ఏసుకుమార్ వంశీ వైపు తిరిగాడు. "మొదట నువ్వు తెచ్చిన బొమ్మకు బొట్టుండె కదప్పా! వదినే తీపిచ్చింది."

"అవును," అంది కృపమణి నెమ్మదిగా. "నేను పెట్టుకోను. పెట్టుకున్నట్టు చూపిస్తే అబద్ధం కదా. జనం నోట్లో పెట్టుకునే సరుకు మీద అబద్ధమేంటికని తీసేయమన్యా."

అందరి చూపులూ కుర్రాడి మీద పడ్డాయి. వంశీ ముఖం పాలిపోయింది. "సార్, నేను..."

"నువ్వేసిన బొట్టు ఏ రంగప్పా?"

"నలుపు సార్. రెండే రంగులు కదా. అది కూడా నల్లచుక్కే."

"విన్నారా? బొమ్మ దొంగిలించినా వీడు ఎరుపు పెట్టడు. పొరపాటున పడిన చుక్క కూడా కాదు ఇది. ప్యాకెట్టు అచ్చు వేయాలంటే రంగుకొక అచ్చు సిలిండరు కావాలంట కదా?"

"అవును సార్. మూడో రంగంటే మూడో సిలిండరు చేపియ్యాల."

"దొంగసరుకు చేసేవాడు ఖర్చు తగ్గించుకుంటాడు. వీడు ఒక్క చుక్క కోసం ఇంకొక సిలిండరు చేయించినాడు. అంటే ఆ చుక్క వానికి కావాల. ఎవరికి కావాల? ఈ ప్యాకెట్టు యాడ కొన్యావు టీచరమ్మా?"

"మంత్రాలయంలో."

"మఠం దారిలో. యాత్రికుల మధ్య. ఆ అంగడాయనను స్టేషన్‌కు పిలిపించి అడిగించినా. ఆ పక్కకు కృపమ్మ పొడి తోలేది ఒకే ఒక మనిషి."

భూపేష్ లేచాడు. "ఏం మాట్లాడతాండారు సార్! మా నాయన ఎవురో తెలుసా మీకు?"

"తెలుసు. కూర్చో."

తిమ్మయ్య ఫోన్ మోగింది. ఎమ్మిగనూరు ఎస్సై. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు.

"దొరికింది సార్. గోడౌను వెనక రేకుల షెడ్డు. నాలుగు వేల ప్యాకెట్ల పైనే, అన్నిటికీ బొట్టుంది. లోపల పుచ్చిన చెనిక్కాయలు, నూనె పిండేసిన పిండి, అదే గొడ్లకు పెట్టేది, రంగు కారం. పిండి కుప్ప మీద ఎలుకలు తిరుగుతాండాయి సార్. నేను పోయినా పారిపోలేదు. మా కానిస్టేబుల్ బయట కక్కుకుంటాండాడు."

శ్రావణి బల్ల మీది ప్యాకెట్టు వైపు తిరిగింది. "సగం ప్యాకెట్టు," అంది ఎవరితోనో. "సగం ప్యాకెట్టు తిన్యాడు వాడు."

భూపేష్ ఇంక దాచలేదు. కోపంగా చేతులు తిప్పాడు.

"ఈమె ఇచ్చే సరుకు యాడికి సాలుతాది సార్? ఇంకా చెయ్యమంటే చెయ్యదు. చేత్తో జల్లించాలంట, మిషన్ వద్దంట. ఆడ జనం అడుగుతాండారు. నేనేం చెయ్యాల? బొట్టు లేని మొగం మఠం దగ్గర పెడితే సగం మంది ముట్టుకోరు. పెట్టినాక దండిగా అమ్మింది. ఆ మొగానికి నేను మేలే చేసినా!"

కృపమణి వాడి దగ్గరికి వచ్చింది.

"నా మొగం తీసుకున్యావు. సరే. అక్కా అని పిలిచినోడివి, లోపల గొడ్ల పిండి పోసేటప్పుడు ఆ మొగం నిన్ను చూడలేదా భూపేష్?"

వాడు తల తిప్పుకున్నాడు. అత్తరు వాసన గది అంతా ఉంది. తిమ్మయ్యకు స్టేషన్‌లో ప్లేటు గుర్తొచ్చింది. ఆ ప్లేటే నయమనిపించింది.

"తీసుకుపోండి వీణ్ని. కిటికీ తెరువప్పా ఎవరన్నా."

సుప్రజ రిపోర్టు మడిచి బ్యాగులో పెట్టుకుంది. సీలు తానే తీయించింది. పోతూపోతూ కృపమణి చేయి పట్టుకుని వదిలేసింది.

వంశీ గొంతు తగ్గించాడు.

"అక్కా, కోపం చేసుకోవద్దు. పేరు మార్చేద్దాం. బొమ్మ మార్చేద్దాం, రంగు కూడా. ఈ మొగం చూస్తే జనాలకు ఎలుకే గుర్తొస్తాది ఇంక. కొత్త ప్యాకెట్టు నేను ఊరికే చేసిస్తా."

"తప్పు చేసింది నా మొగమా?"

"కాదక్కా. కానీ జనం..."

"అయితే నేనేంటికి మార్చుకోవాల?"

వంశీ బల్ల మీది బొట్టు ప్యాకెట్టును బోర్లించాడు.

శ్రావణి ముందుకు వచ్చింది. "తప్పయింది అక్కా. ఆ వీడియో తీసేస్తా."

"తీసేయొద్దు. నీ బిడ్డ తినింది నిజమే కదా. ఇంకొకటి పెట్టు. ఇదీ చెప్పు."

"పెడతా. కానీ..." టీచరు ఇబ్బందిగా తిమ్మయ్య వైపు చూసింది. "దాన్ని చూసినంత మంది దీన్ని చూడరక్కా."

"చూసేవాళ్లే చూస్తారు. గోనె రంగు, నలుపు, రెండే అని చెప్పు. నుదుట ఏమీ లేని మొగం అని చెప్పు. అది చూసి కొనమను. ఏది మాదో తెలిస్తే, తినాల్నో వద్దో వాళ్లే తేల్చుకుంటారు."

ఆడవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వచ్చి జల్లెడలు తీసుకున్నారు. కృపమణి కొంగుతో ముఖం తుడుచుకుని, గోడకు ఆనుకుని నిలబడింది.

శ్రావణి ఫోన్ ఎత్తింది.

"నవ్వాల్నా?" అంది కృపమణి.

"వద్దక్కా. ప్యాకెట్టు మీద ఎట్లుండావో అట్లే ఉండు."